అప్పు లేని ఇల్లు

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా కామసముద్రం చేరాలి, పదకొండుకల్లా సంతకం పెట్టించుకోవాలి, భోజనం వేళకు ఊరిగాం తిరిగి రావాలి. వీణ అనుకున్నది ఇంతే. సంసారాల రాబడికి, ఖర్చుకు దారి చూపే ఫైనాన్షియల్ ప్లానర్ పరీక్ష పాసై ఆమెకు ఆరు నెలలైంది. ఇంతవరకు ఒక్కరూ ఆమె గడప తొక్కలేదు.

"ఈ నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఇంగ ఒక్కరన్నా రాలేదంటే, ఒకటో తారీఖు నుంచి వచ్చి గల్లాపెట్టె కాడ కూర్చో," అని ధాన్యం అంగడి నడిపే తండ్రి నాగేంద్రప్ప తేల్చేశాడు. ఆ ఆదివారమే నెలాఖరు.

పట్టుగూళ్ల మార్కెట్లో ఎవరో ఇచ్చిన నంబరుకు ఆమె ముందురోజే ఫోన్ చేసింది. బచ్చప్ప అనే రైతు భార్య చిన్నవెంకటమ్మ మాట్లాడింది. "భూమి, రాబడి, ఇంటి సంగతులు మాట్లాడాలమ్మా. మీ అబ్బాయి కూడా ఉంటే మేలు," అంది వీణ.

ఆ అబ్బాయి మునిశంకర్‌కు ముప్పై నాలుగేళ్లని, సేద్యం చేసేవాడికి పిల్లనివ్వమని పదకొండు సంబంధాలు వెనక్కి పోయాయని వీణకు తెలియదు. ఫోన్ పెట్టేశాక చిన్నవెంకటమ్మ "ఈసారి పిల్లే వచ్చి చూసుకుంటాదంట!" అని వీధంతా చెప్పిన సంగతి అసలే తెలియదు.

వీణ వెళ్లేసరికి పళ్లేల్లో ఉప్పిట్టు, తియ్యటి కేసరిబాత్ పొగలు కక్కుతున్నాయి. మునిశంకర్ కొత్త చొక్కా మడతలతో సహా తొడుక్కుని మూలన నిలబడ్డాడు. ప్లానర్‌కు ఇంత మర్యాద దొరుకుతుందని ఆమె చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. తిని, చెయ్యి కడుక్కుని, ఫైలు తెరిచింది.

"భూమెంతమ్మా?"

"ఏడెకరాలు," అంది చిన్నవెంకటమ్మ. బచ్చప్పకు దగ్గొచ్చింది.

"ఆవులు?"

"ఐదు. వినబడతా ఉండాయి కదా." కొట్టంలో అవి ఒకటే అరుపు.

"అబ్బాయికి తాగుడు, బీడీ, జబ్బులు?" బీమా లెక్కకు అది అడగక తప్పదు.

"ఏమీ ముట్టడు తల్లీ. కాఫీ కూడా అర గ్లాసే."

"అప్పులు?"

"మా వంశంలోనే లేవు!"

వీణ పది నిమిషాలు లెక్క వేసింది. ఎన్ని విధాలుగా చూసినా ఆ ఇంటికి లోటు కనిపించలేదు. ఒప్పంద కాగితం ముందుకు తోస్తే సంతకం పెట్టేలా ఉన్నారు. రేపటి గల్లాపెట్టె కళ్లముందు మెదిలింది. అయినా మనసొప్పక ఫైలు మూసింది.

"మీకన్నీ బాగుండాయమ్మా. నాతో మీకు పనిలేదు. వస్తాను," అని లేచింది.

"ఇంత చెప్పినా వద్దంటాదే!" అని చిన్నవెంకటమ్మ చతికిలబడింది. అప్పుడే పక్కింటి పిల్లప్ప గుమ్మంలో తల పెట్టాడు. "అక్కా, పిల్ల ఒప్పుకునిందా? నా ఆవులు తోలుకొని పోతా. పాలు పిండాల."

మునిశంకర్ ముందుకు వచ్చాడు. "చాలమ్మా. ఇదిగో మేడమ్, ఉండేది రెండెకరాలు, ఒక ఆవు. పట్టుపురుగుల షెడ్డుకు తెచ్చిన అప్పు నాలుగు లక్షలు. బీమా లేదు. ఇంగ మీరు పోవచ్చు."

వీణ గబుక్కున కూర్చుంది. మొహం వెలిగిపోయింది. "నాలుగు లక్షలా! వడ్డీ ఎంత? బీమా అసలే లేదా? ముందే చెప్పకూడదా అన్నా!"

అన్నా అని పిలిచాక ఇక పెండ్లి మాటే లేదు. "నువ్వు వచ్చింది సంబంధానికి కాదా?" అంది చిన్నవెంకటమ్మ నీరసంగా.

"అయ్యో, కాదమ్మా. మీ సంసారానికి ప్లాను వేసిచ్చే పని నాది."

"అట్లయితే కేసరిబాత్ రెండుసార్లు ఏల పెట్టించుకున్యావు? ఒరే, సంతకం పెట్టొద్దు!"

మునిశంకర్ అప్పటికే కలం అందుకున్నాడు. "పదకొండు మంది వచ్చినారమ్మా. సేద్యమన్నా, అప్పుండాదన్నా లేచిపోకుండా కూర్చున్నది ఈమొక్కతే," అని సంతకం పెట్టాడు.

అప్పుందన్నా లేచిపోని పిల్ల ఉందన్న మాట నెలలోగా బైరకూరు దాకా పాకింది. నాగేంద్రప్ప రాగుల మూటలు పక్కకు జరిపించి అంగడిలో కూతురికి బల్ల వేయించాడు. పెండ్లికాని కొడుకులను వెంటబెట్టుకుని తల్లులు వచ్చారు. వీణ మొదట పేరు అడిగేది. అందరూ మొదట అప్పు చెప్పేవారు.