బండి తీసేస్తున్నాం

శుక్రవారం పొద్దున ప్రూఫురీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కారును మెకానిక్కు దగ్గర దింపాలి. ప్రెస్సుకి వెళ్ళి చేతిలో ఉన్న పుస్తకం దిద్దేసి సెలవు పుచ్చుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున భార్యను ఎక్కించుకుని కొండల్లో ఉన్న వదినగారింటికి బయల్దేరాలి. నాలుగు రోజుల దారి. చూడబోతే ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. అయితే ఆయన ఇదే పథకాన్ని ఇదివరకు కూడా చాలాసార్లు వేశాడు. ఒకసారి నిఘంటువు పునర్ముద్రణ అడ్డొచ్చింది. ఒకసారి వానలు. ఒకసారి పంటినొప్పి, అదీ ఆయనది కాదు, ప్రెస్సు యజమానిది.

ఆయన భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఏడ్చి గింజుకునే చంటిపిల్లలకి కూడా ఒక్కసారికే నరం దొరకబుచ్చుకునే చెయ్యి ఆవిడది. ఆ చేతికి స్టీరింగు అప్పగించడానికి మాత్రం ఆయనకి ధైర్యం చాలదు. ఆవిడ పద్ధతిగా స్కూలుకెళ్ళి డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని ఏడాది దాటింది. "ఇంకొంచెం చెయ్యి తిరగనీ" అంటాడాయన. నడపనిదే చెయ్యి ఎలా తిరుగుతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

గురువారం సూట్‌కేసులు సర్దుతూ ఆవిడ ఒక్క మాటే అంది. "ఈసారి కూడా ప్రయాణం తప్పిందంటే నేనేం కోప్పడనండీ. ఇంకెప్పుడూ అడగను, అంతే."

ఆవిడ కోపాన్ని ఆయన చాలాసార్లు చూశాడు, తట్టుకున్నాడు. ఇంకెప్పుడూ అడగనన్న మాట వినడం ఇదే మొదలు. అందుకే ఈసారి నిజంగా, మనస్ఫూర్తిగా బయల్దేరదలుచుకున్నాడు. ఈ సంగతి పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే సాయంత్రమయ్యేసరికి దాన్ని నమ్మే మనిషి ఆ భవనంలో ఒక్కరూ మిగల్లేదు.

వాళ్ళుండే భవనం కింద కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాలి. వీళ్ళ కారు లోపల, కింది వాటాలో ఉండే బాబాయి కారు బయట. బాబాయి ప్రత్యేకంగా ఎవరికీ బాబాయి కాదు, భవనం మొత్తానికి బాబాయి. రిటైరయ్యాక ఇతరుల పనులు నెత్తినేసుకోవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. ఎవరైనా దగ్గితే ఇద్దరు డాక్టర్లని పిలిచే రకం. ఆయన కారు ఎక్కడికీ వెళ్ళదు. లోపలి కారు బయటికి రావాల్సినప్పుడల్లా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొస్తుంది.

ఆ రోజూ బాబాయి ఇంజను స్టార్టు చేసి కారు వెనక్కి జరిపాడు. ప్రూఫురీడరు తన కారు బయటికి తెచ్చి, అద్దం దించి అరిచాడు.

"ఆదివారం బండి తీసేస్తున్నాను బాబాయ్‌గారూ! మీరే కాస్త చెయ్యి వెయ్యాలి!"

'తీస్తున్నాను' అంటే సరిపోయేది. తొందరలో మధ్యన ఒక 'సే' దూరింది. ప్రపంచంలో అందరి అచ్చుతప్పులూ ఏరి పారేసే మనిషి తన నోట్లోంచి రాలిన ఒక్క అక్షరాన్ని గమనించలేదు.

బాబాయి కళ్ళు మెరిశాయి. "తీసేస్తున్నావా! ఎంతకి?"

రెండు ఇంజన్ల రొదలో ప్రూఫురీడరుకి అది 'ఎన్నింటికి' అని వినిపించింది. "నాలుగున్నరకి బయటపడితే చాలండీ!"

"నాలుగున్నరకేనా? తొందరపడుతున్నావేమో అబ్బాయ్. కాస్త ఓపిక పడితే ఐదున్నర దాకా లాగొచ్చు."

"వద్దండీ. ఆగినకొద్దీ మనకే నష్టం."

"అదీ నిజమేలే. మీ ఆవిడ ఒప్పుకుందా?"

"ఆవిడకి నాకన్నా తొందరండీ!"

"అయితే ఇంక నా మీద వదిలెయ్. నువ్వు నిశ్చింతగా పనికి పో."

ప్రూఫురీడరు నిశ్చింతగా పోయాడు. నాలుగున్నర అంటే బాబాయి లెక్కలో లక్షలు. ఆ కారుకి అది ధర్మమైన ధరే కూడాను.

మెకానిక్కు దగ్గర ప్రూఫురీడరు అన్నీ మరోసారి వల్లించాడు. బ్రేకులు చూడాలి, నాలుగు కొత్త టైర్లు వెయ్యాలి, పైన సామాన్లకి కటకటాల్లాంటి క్యారియరు బిగించాలి. అక్కణ్ణించి బస్సెక్కి ప్రెస్సుకి చేరి, రివాజు ప్రకారం ఫోను గుమాస్తా సొరుగులో పడేసి ప్రూఫుల గదిలోకి వెళ్ళాడు. ఆ గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ఇదివరకొకసారి ఎవరో ఫోన్లో మాట్లాడుతూ దిద్దిన వంటల పుస్తకంలో 'చిటికెడు ఉప్పు' కాస్తా 'చేటెడు ఉప్పు'గా వెలువడింది. అప్పట్నించీ ఆ కట్టుబాటు.

ఆయన పేజీలు తిప్పుతున్న సమయంలో బాబాయి మెకానిక్కు షెడ్డులో ప్రత్యక్షమయ్యాడు.

"అమ్మే బండికి కొత్త టైర్లెందుకయ్యా?"

మెకానిక్కు స్పానరు దించాడు. "అమ్మేదేంటండీ? కొండెక్కాలి, జాగ్రత్తగా చెయ్యమన్నారే."

"కొనుక్కున్నవాడు ఎక్కుతాడు. నాతో స్వయంగా చెప్పాడు, తీసేస్తున్నానని. ఎంతకో కూడా చెప్పాడు. నువ్వు శుభ్రంగా కడిగి, మెరుగుపెట్టి ఇంటికి పంపు."

మెకానిక్కు ప్రూఫురీడరుకి ఫోను చేశాడు. ఫోను సొరుగులో మోగి మోగి ఊరుకుంది. బ్రేకుల పని అప్పటికే అయిపోయింది. కొత్త టైర్లు పక్కన పెట్టి, పాతవాటికే నల్లరంగు పూసి, కారు కడిగి పంపేశాడు.

మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చిన ఇల్లాలికి భవనం ముందు చిన్న సంత కనిపించింది. ఒకాయన వాళ్ళ కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయటికున్నాయి. ఇద్దరు డిక్కీ తెరిచి అందులో ఎన్ని బస్తాలు పడతాయని వాదించుకుంటున్నారు. గొడుగు పట్టుకున్న ఒకావిడ వెనక సీట్లో దర్జాగా కూర్చుని, "మా అత్తగారు మోకాళ్ళు ముడుచుకోలేరు. ఈ ముందు సీటు ఇంకా జరుగుతుందా?" అని ఈవిడనే అడిగింది.

"ఎవరండీ మీరంతా?"

"బండి కొనడానికొచ్చాం. మీరూ అందుకేనా?"

బాబాయి ఎదురొచ్చాడు, చేసిన మేలుకి మొహం వెలిగిపోతూ. "రామ్మా! గంటలో ఇంతమందిని పోగేశాను. ఈ గొడుగావిడ అడ్వాన్సు కూడా చేతిలో పెట్టేసింది. నేను మాటిచ్చేశాను."

"మా కారు అమ్ముతున్నామని ఎవరు చెప్పారు బాబాయ్‌గారూ?"

"మీ ఆయనే! తీసేస్తున్నానన్నాడు. నాలుగున్నరకి బయటపడితే చాలన్నాడు. నీకు తనకన్నా తొందరన్నాడు."

ఆవిడ భర్తకి ఫోను చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. నిఘంటువు, వానలు, యజమాని పన్ను, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఈసారి సాకు దొరక్క కారునే వదిలించుకుంటున్నాడన్నమాట! కోపం రావాల్సిన చోట ఏడుపు వచ్చింది. జనం ముందు ఏడవడం ఇష్టం లేక మెట్ల మీద కూర్చుని చెప్పు సరిచేసుకుంటున్నట్టు తల వంచుకుంది. అక్క కిటికీలోంచి మంచు కనిపిస్తుందట. ఆ కిటికీ దగ్గర ఇద్దరూ కూర్చుని కబుర్లాడాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటోంది.

"అమ్మా, మీరా? ఇది మీ బండా?"

తలెత్తి చూస్తే డ్రైవింగు స్కూలు మాస్టారు. ఆవిడకి నేర్పిన మనిషే. స్కూలుకి ఇంకో కారు కావాలని, బాబాయి కబురందుకుని వచ్చాడు. "ఒక రౌండు నడిపి చూస్తే తెలిసిపోతుందమ్మా. తాళాలిస్తారా?"

ఆవిడ లేచి, బాబాయి చేతిలోంచి తాళాలు అందుకుంది. కళ్ళు తుడుచుకుంది. "మీరు పక్కన కూర్చోండి మాస్టారూ. నేను నడుపుతాను. అమ్మేముందు ఒక్కసారైనా నా బండి నేను నడపొద్దా?"

గొడుగావిణ్ణి బతిమాలి దింపారు. కారు కింది ఆసామి కాళ్ళు చటుక్కున బయటికి వచ్చేశాయి. ఆవిడ రెండు స్తంభాల మధ్య నుంచి గీత పడకుండా బయటికి తీసింది. సందు దాటింది. బజారు దాటింది. స్కూలు బస్సు అడ్డొస్తే ఆగింది, ముసలాయన రోడ్డు దాటేదాకా హారను కొట్టకుండా కాచుకుంది. పెద్ద రోడ్డెక్కింది.

"బావుందమ్మా, బండి బావుంది. ఇక్కడ వెనక్కి తిప్పేయండి."

"చూశానండీ" అంటూ ఆవిడ ఆ మలుపు దాటేసింది.

"ఇదిగో, ఇక్కడ ఇంకోటి ఉంది."

"అదీ చూశాను."

మాస్టారు స్కూలు కారులో అయితే తన వైపు రెండో బ్రేకు ఉంటుంది. ఇక్కడ లేదు. సీటు బెల్టు ఒకసారి తడిమి చూసుకుని, ఊరు వెనక్కి పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. లారీలు దాటుతున్నప్పుడు కూడా ఆవిడ చెయ్యి వణకలేదు. చివరికి టోల్ గేటు పక్కన నిదానంగా ఆపి, దిగి, అక్కకి ఫోను చేసింది.

"అక్కా, నేను వస్తున్నా. నేనే నడుపుకుంటూ వస్తున్నా."

"మరి మరిదిగారు?"

"ఆయన సంగతి నాకు తెలీదే. ఉండు, ముందు మా మాస్టారిని వెనక్కి తీసుకెళ్ళి దింపాలి."

సాయంత్రం ప్రూఫురీడరు సెలవు మంజూరు చేయించుకుని, సొరుగులోని ఫోనుకేసి చూడకుండానే జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. కారు లేదు. భార్య లేదు. సూట్‌కేసులు మాత్రం తలుపు పక్కన ఉన్నాయి. మెట్ల మీద బాబాయి గొడుగావిడతో కబుర్లు చెబుతున్నాడు.

"బండి వెళ్ళిపోయింది అబ్బాయ్! ఎవరో డ్రైవింగు మాస్టారట. మీ ఆవిడ దగ్గరుండి మరీ తీసుకెళ్ళింది. ఈవిడకేమో నేను మాటిచ్చేశాను. ఏం చెయ్యమంటావ్?"

"వెళ్ళిపోవడమేంటండీ? ఎక్కడికి?"

"నువ్వే కదా, తీసేస్తున్నానన్నావ్?"

"తీస్తున్నానన్నాను! పొద్దున్నే బయల్దేరుతున్నాం, మీ కారు అడ్డం తియ్యమని..."

"తీసేస్తున్నాననే అన్నావ్ అబ్బాయ్. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయ్. నాలుగున్నరకి అన్నావ్."

"తెల్లారుజాము నాలుగున్నరకి!"

ప్రూఫురీడరు తను పొద్దున అన్న మాటను మనసులో అక్షరం అక్షరంగా కూడబలుక్కుని చూసుకున్నాడు. 'సే' దగ్గర ఆగిపోయాడు. మెట్టు మీద కూలబడ్డాడు. కారు పోతే పోయింది. ఇంకెప్పుడూ అడగనన్న మాటే చెవుల్లో హోరెత్తింది. ఆవిడ ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే హారను మోగింది. కారు వచ్చి ఆగింది. స్టీరింగు వెనక ఆయన భార్య ఉంది. పక్క సీట్లోంచి మాస్టారు దిగి, నేలను ఒకసారి ఆప్యాయంగా చూసుకున్నాడు.

"నేను అమ్మట్లేదు!" ప్రూఫురీడరు పరిగెత్తాడు. "తీసేస్తున్నానంటే తీసేస్తున్నానని కాదు. అంటే, అన్నాను. కానీ తీస్తున్నాననబోయి..."

ఆవిడ అద్దం దించింది గానీ దిగలేదు. "పోన్లెండి. ఏటా ఏదో ఒకటి. ఈసారిది కొత్తగా ఉంది."

అంతలో సందు చివర నుంచి ఒక తోపుడు బండి వచ్చింది. దాని మీద నాలుగు కొత్త టైర్లు, వాటి మీద క్యారియరు, వెనక తోసుకుంటూ చిరాగ్గా మెకానిక్కు.

"ఇవేం చెయ్యమంటారు సార్? కొండలకి ఇవే కావాలని నా ప్రాణం తీసి తెప్పించారు. మా ఆవిడ మంచు చూడాలి, దారిలో టైరు పేలకూడదని వారం నుంచీ ఒకటే పోరు. తీరా చూస్తే బండి అమ్మేస్తున్నారట!"

ఆవిడ టైర్లకేసి చూసింది, తర్వాత మొగుడికేసి చూసింది. "వారం నుంచీ పోరుతున్నారా?"

"ఇంకా ముందు నుంచే" అన్నాడు మెకానిక్కు, తన కష్టం ఎవరో ఒకరు అడిగినందుకు సంతోషించి.

ఆవిడ మొహంలో బిగువు సడలింది. "నాకు చెప్పొచ్చుగా?"

"ఈసారి మాటలు చెప్పకుండా చేసి చూపిద్దామనుకున్నాను" అన్నాడాయన. "నోరు తెరిచింది బాబాయ్‌గారి దగ్గర ఒక్కసారే."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. మాస్టారు సమయం చూసి గొంతు సవరించుకున్నాడు. "సార్, మీ బండి అమ్మకండి. మేడమ్‌గారికి ఇంక నేర్పాల్సిందేం లేదు. నేనే ఇంకొంచెం ధైర్యం నేర్చుకోవాలి."

మిగిలింది బాబాయి ఇచ్చిన మాట. గొడుగావిడ కదలనంది. అడ్వాన్సు వెనక్కి తీసుకోనంది. వాళ్ళ అత్తగారికి అప్పుడే ఫోను చేసి చెప్పేసిందట. బాబాయి చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి పరోపకారం ఎంతదూరమైనా వెళ్ళాలి కదా, తన కారునే ఆవిడకి చూపించాడు. దూరాలు తిరగని కారు, ఎక్కడా అరగని సీట్లు. ఆవిడ వెనక సీట్లో కూర్చుని, కాళ్ళు చాపి, అక్కడికక్కడే ఖాయం చేసుకుంది. గుమ్మంలోంచి చూస్తున్న బాబాయి భార్య, ఆ కారు గేటు దాటి వెళ్ళడం ఇదే మొదటిసారని అందరికీ వినపడేలా అంది.

శనివారం టైర్లు మారాయి, క్యారియరు ఎక్కింది. ఆదివారం తెల్లవారుజామున అడ్డంగా ఏ కారూ లేదు. ప్రూఫురీడరు సూట్‌కేసులు పైన కట్టి, అలవాటుగా కుడివైపు తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అప్పటికే అక్కడ కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది.

"అక్కకి నేనే నడుపుకుంటూ వస్తానని చెప్పేశానండీ."

ఆయనకి చెయ్యి తిరగడం గురించి ఏదో నోటిదాకా వచ్చింది. ఈ మధ్య నోటిదాకా వచ్చిన ప్రతిమాటనీ ఒకసారి దిద్దుకుంటున్నాడు కనక, అది బయటికి రాలేదు. "అయితే నేనూ రావచ్చా?" అన్నాడు.

"రండి" అని ఆవిడ నవ్వి పక్క తలుపు తెరిచింది.

దారి పొడుగునా ఆయన బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. అటువైపు బ్రేకు లేదు కనక ప్రయాణం సాఫీగా సాగింది.