ఒట్టి చేతి జన్యువు

పరిశోధనశాలలో గ్లౌజులు వేసుకోవడం విజ్ఞానశాస్త్రానికి ద్రోహం! నవ్వకండి. ఒట్టి చేతులు చేసే మేలు నేను కళ్లారా చూశాను.

మాది ఎండకు వాడిపోని ఒక గడ్డిమీద పరిశోధన. దాని డీఎన్‌ఏలో చిన్న ముక్క మాకు తెలుసు. దాని పక్కనున్నది తెలియదు. తెలియనిదాన్ని కాపీ తీయడానికి ఒక కిటుకుంది. తెలిసినదీ తెలియనిదీ ఒకే ముక్కలో వచ్చేలా డీఎన్‌ఏను కత్తిరించి, ఆ ముక్క రెండు కొసలూ కలిపి ఉంగరంలా చుట్టి, తెలిసిన చోటినుంచి బయటివైపు కాపీ తీసుకుంటూ పోవాలి. ఉంగరం కదా, తెలియనిదంతా చచ్చినట్టు చేతికొస్తుంది.

ఏడాదిపాటు రాలేదు! ఎలా వస్తుంది? చేస్తున్నది అక్క మరి. మా సీనియర్‌ను అందరం అలాగే పిలుస్తాం. ఆవిడకు శుభ్రత పిచ్చి. మాస్కు, గ్లౌజులు, ట్యూబు మూత తీస్తే నోరు విప్పకూడదు. ఇంత అనుమానం చూపిస్తే ఏ జన్యువు మాత్రం బయటికొస్తుంది చెప్పండి?

చివరికి ప్రొఫెసరుగారే రంగంలోకి దిగారు. గ్లౌజుల్లేవు. మూతలు తీసిన ట్యూబులమీదికి వంగి, ఫోన్లో బావమరిదితో నవ్వుతూనే పని కానిచ్చేశారు. సాయంత్రానికి జెల్‌మీద గీత వెలిగింది! కాపీ పడిందన్నమాట. ‘ఎండను గెలిచే జన్యువు’ అని మర్నాడే ప్రకటన. ఫొటోలు, పూలగుత్తులు.

అక్కకు తృప్తి ఉంటేగా! ఆయన చెయ్యిపెట్టిన సీసాలే తీసుకుని, గడ్డి డీఎన్‌ఏకు బదులు ఉత్త నీళ్లు పోసి మళ్లీ చేసింది. అదే గీత! అందులో ఏముందో చదివించి, ఆ కాగితం ఆయన బల్లమీద పెట్టింది.

“సార్, ఇది గడ్డిది కాదండీ. మనిషిది.”

“ఏ మనిషిదమ్మా?”

“గ్లౌజులు వేసుకోని మనిషి మన లాబులో ఒక్కరే ఉన్నారండీ.”

పెద్దవాళ్లను పట్టుకుని అంత మాటా! వెంటనే మీటింగు పెట్టారు. నీళ్లలో గీత రావడం అక్క చేతకానితనమేనని తేల్చారు.

“ఈ అమ్మాయి నీళ్లతో చేసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావుగా, ఏం చూశావు?” అని ప్రొఫెసరుగారు నన్నడిగారు.

అక్క నావైపు చూసింది. నాకు పైపెట్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే.

“సరిగ్గా గమనించలేదు సార్,” అన్నాను.

ఆ వారమే అక్క తన బల్ల ఖాళీ చేసి వెళ్లిపోయింది. పరిశోధన పేపరు అచ్చయింది. ఎండకు తట్టుకునే విత్తనం ఎప్పుడిస్తారని ఇప్పుడు రైతులు ఉత్తరాలు రాస్తున్నారు. “త్వరలో” అని జవాబు రాసే పని నాదే. పేపర్లో రెండో పేరు నాది కదా! అక్కది ఉండాల్సిన చోటు.

నీళ్ల ట్యూబుకొచ్చిన గీత నేను చూశాను. చాలా స్పష్టంగా ఉంది.