నల్ల బ్రష్షులు

1992లో ఒక రోజు, ఒమాన్‌లోని ఇబ్రా సైట్‌లో లింబాద్రి పొద్దున్నే పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా కాంక్రీటు కలిపే యంత్రాన్ని బాగుచేయాలి, మర్నాడు మస్కట్‌లో విమానమెక్కాలి. ఇంటికి వెళ్ళి మూడేళ్ళయింది. అతను వచ్చాక పుట్టిన కూతురు తండ్రిని అతను మాట్లాడి పంపే క్యాసెట్లలోనే ఎరుగుతుంది. క్యాసెట్టు చేతికిస్తే "బాపు, బాపు" అంటూ ముద్దులు పెడుతోందని భార్య కవిత రాసింది. ఆ ఉత్తరం చదివి లింబాద్రి డ్యూటీలోనే ఏడ్చాడు.

యంత్రంలో తిరిగే ఇరుసు మీద తడి కొలిచే పెట్టె ఉంది. దానికి తీగ కడితే నాలుగు చుట్లకే తెగుతుంది. అందుకని ఇరుసుకు రాగి కడియాలు తొడిగి, వాటిని రాసుకునేలా బొగ్గు ముక్కలు పెట్టారు. పెట్టెకు కరెంటు పోవాలన్నా, కొలత మీటరుకు రావాలన్నా అదే దారి. ఆ ముక్కలకు బ్రష్షులని పేరు. పెట్టినవాడి నోట్లో మన్నుపడ!

"మీటరు కదిలితేనే నీ లీవు మీద సంతకం పెడతాను," అన్నాడు ఇంజనీరు గంగాధరరావు.

బ్రష్షులు అరిగిపోయాయి. లింబాద్రి డ్రైవరు నర్సింగ్‌ను మస్కట్ దగ్గరి మత్రా బజారుకు తరిమాడు. "కార్బన్ బ్రష్‌లు తమ్మీ. నల్లగుంటయి. యాదుంచుకో."

నర్సింగ్ దారిలో కార్బన్‌ను మరిచి నలుపును గుర్తుంచుకున్నాడు. దుకాణంలో "కాలా బ్రష్, మెషీన్ కే లియే" అన్నాడు. సేఠ్ నల్ల కుచ్చుల రంగు బ్రష్షులు ఆరు, వాటితోపాటు వెండిరంగు పెయింటు డబ్బా ఇచ్చాడు.

తిరిగొచ్చేసరికి లింబాద్రి పాస్‌పోర్టు కోసం ఆఫీసులో ఉన్నాడు. నర్సింగ్‌ది మంచి మనసు. దాంతోనే వచ్చింది చావు. అన్నకు పని తగ్గుతుందని తనే యంత్రమంతటికీ రంగు వేశాడు. రాగి కడియాలకైతే రెండు పూతలు.

"ఎట్లున్నదన్నా?"

లింబాద్రి కూలబడ్డాడు. "నా కొంప ముంచితివి గదరా! కరెంటు పొయ్యే తొవ్వ మూసినవ్!"

అప్పుడే అందరూ ముదీర్ అని పిలిచే కంపెనీ పెద్ద వచ్చాడు. తళతళలాడే యంత్రాన్ని చూసి మురిసిపోయాడు. ఎవరు చేశారని అడిగితే నర్సింగ్ భయపడుతూ చెయ్యెత్తాడు.

"జైన్, జైన్! బాగుంది! ఇతనికి లీవివ్వండి!"

గంగాధరరావు వెంటనే నర్సింగ్ లీవు మీద సంతకం పెట్టాడు. టిక్కెట్టు మీద పేరు మార్పించి, లింబాద్రిని పక్కకు పిలిచాడు. "ఆ రంగంతా గీకి, కొత్త బ్రష్షులు బిగించేదాకా నువ్వు కదలడానికి వీల్లేదయ్యా. ఈ పని నీకొక్కడికే వచ్చు మరి."

లింబాద్రి రూమ్‌కెళ్ళి టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. "మల్ల నెల వస్త బిడ్డా" అన్నాడు. మిగతా టేపు ఊరికే తిరిగింది. ఆ క్యాసెట్టునే, ఇంట్లో పాపకిమ్మని నర్సింగ్ చేతిలో పెట్టాడు. అతను కళ్ళు తుడుచుకుంటూ పట్టుకెళ్ళాడు.

పాప లెక్కలో మాత్రం బాపు ఆ విమానంలోనే ఇల్లు చేరాడు.