లేనట్టు కాగితం

మునేరు పొంగి కీసర దగ్గర రోడ్డెక్కిన ఏటికి పై ఏడు ఒక సత్యం రూఢి అయింది. మనిషి భూమ్మీద ఏ మూల నుంచి ఏ మూలకైనా పోయి బతకవచ్చు. పాత చోట అతను లేడని పాత చోటివాళ్ళు రాసి ఇస్తే చాలు. కొత్త చోట ఉన్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టని సంగతి. (పట్టినా ప్రయోజనం లేదు. కంటితో చూసింది సాక్ష్యం కిందికి రాదు.)

ఈ సత్యాన్ని కాపాడే ఆఫీసు పేరు నివాస మార్పిడి నమోదు ఉపకార్యాలయం. నందిగామలో ఒక బియ్యం మిల్లు మేడ మీద ఉండేది. అందులో ఒక బల్ల, ఒక బీరువా, పార్థసారథి అనే సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. రేషన్ కార్డులో కొత్తగా ఒక పేరు ఎక్కాలంటే పాత ఊళ్ళో ఆ పేరు కొట్టేసినట్టు కాగితం తెచ్చి ఆ బల్ల మీద పెట్టాలి. దాన్ని రూల్సు పుస్తకంలో పూర్వ నివాస తొలగింపు ధ్రువపత్రం అన్నారు. జనం లేనట్టు కాగితం అన్నారు.

జగ్గయ్యపేట దశరథరామయ్య ఆ మేడ మెట్లు ఎక్కడం మొదలుపెట్టి అప్పటికి అయిదేళ్ళు. ఆయన భార్య పున్నమ్మకు ఒక్కతే చెల్లెలు, రత్తమ్మ. రత్తమ్మను చందర్లపాడు ఇచ్చారు. పిల్లలు లేరు. భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చేసింది. మనిషి వచ్చింది గాని పేరు రాలేదు. ఆమె పేరు మరిది కార్డులో ఉంది. తీయిస్తే ఒక మనిషి బియ్యం తగ్గుతాయి కాబట్టి అతను తీయించడు. పోనీ కార్డయినా చూపించుకుని ఇస్తామంటే దాన్ని గడప దాటనివ్వడు. ఆ విధంగా రత్తమ్మ అయిదేళ్ళుగా చందర్లపాడులో అన్నం తింటూ జగ్గయ్యపేటలో అంట్లు తోముతోంది.

ఇందులో కష్టమేమీ లేదు, ఆమె కళ్ళు తప్ప. రెండు కళ్ళకూ శుక్లాలు. ఏటా మాఘమాసంలో నందిగామలో ఎవరో దాతలు కంటి శిబిరం పెట్టి ఉచితంగా ఆపరేషన్లు చేయించేవారు. పై ఊళ్ళవాళ్ళు వచ్చి పడకుండా కార్డులో పేరు చూసి లోపలికి పంపేవారు. క్రితం ఏడు దశరథరామయ్య కార్డు చూశారు. రత్తమ్మ పేరు లేదు. గేటు దగ్గర్నుంచే తిరిగి వచ్చారు.

"బెజవాడ పోదాం పద. అక్కడ చేయిస్తా," అన్నాడు దశరథరామయ్య. ఆ నెలలో ఆయన మాట్లాడిన మాటల్లో అది పెద్దది.

"నా కళ్ళ కోసం నువ్వు పొలం మీద చెయ్యేశావంటే నేను చందర్లపాడు పోతా బావా. చూస్కో మరి," అంది రత్తమ్మ. అప్పట్నుంచి బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరుతోంది.

అలాంటి ఇంటికి డెన్మార్కు దేశం నుంచి హెన్రిక్ వచ్చాడు. కొత్తగా కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ బిగించే ఇంజనీరు. వయసు ముప్పై నాలుగు. ఫ్యాక్టరీ గెస్టుహౌసుకు అప్పటికి గోడలు ఉన్నాయి, కప్పు లేదు. అందుకని దశరథరామయ్య డాబా మీది గదిలో దించారు. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాడికి వచ్చే ఇబ్బందుల గురించి అతను ఒక పుస్తకం చదువుకుని మరీ వచ్చాడు. అందులో పాముల గురించి ఉంది. కాచి చల్లార్చిన నీళ్ళ గురించి ఉంది. ఎడమచేత్తో ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని ఉంది. గ్యాసు గురించి లేదు.

పున్నమ్మ పెట్టిన గోంగూర పచ్చడి తిన్న రోజు అతను రెండు చెంబుల మజ్జిగ తాగి డాబా మీద చాలాసేపు నడిచాడు. మర్నాటి నుంచి బంగాళాదుంపలు ఉడకేసుకుంటానన్నాడు. కిరసనాయిలు పొయ్యి వెలిగించబోయి కనుబొమలు కాల్చుకున్నాడు. గ్యాసు కావాలన్నాడు. గ్యాసు కంపెనీవాళ్ళు రేషన్ కార్డు కావాలన్నారు. ఫ్యాక్టరీవాళ్ళు వెనకవైపు నుంచి ఒక బండ తెప్పిస్తామంటే హెన్రిక్ ఒప్పుకోలేదు. అతనికి అప్పటికి వచ్చిన తెలుగు మాటలు మూడు. నీళ్ళు, చాలు, నిబంధన.

దశరథరామయ్య అతన్ని వెంటబెట్టుకుని మిల్లు మేడ ఎక్కాడు. కార్డు వ్యవహారం గనక వేలిముద్ర కోసం పున్నమ్మ కూడా వచ్చింది.

"నిబంధన ఏమిటి?" అని అడిగాడు హెన్రిక్.

పార్థసారథి కుర్చీలోంచి లేచాడు. పదకొండేళ్ళ సర్వీసులో ఆ బల్ల ముందు నిలబడి ఏడ్చినవాళ్ళు ఉన్నారు, శాపనార్థాలు పెట్టినవాళ్ళు ఉన్నారు, సొరకాయ తెచ్చినవాళ్ళు ఉన్నారు. నిబంధన ఏమిటని అడిగినవాడు లేడు. ఆయన బీరువా తెరిచి పుస్తకం దుమ్ము దులిపి, ఇంగ్లీషులో ముప్పావుగంట చెప్పాడు. హెన్రిక్ రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే జగ్గయ్యపేట ఎస్టీడీ బూతు నుంచి డెన్మార్కుకు ఫ్యాక్సు వెళ్ళింది. మూడో రోజున జవాబు వచ్చింది. ఫలానా హెన్రిక్ పై దేశం వెళ్ళినందున వెళ్ళిన రోజునే మా ఊరి జనాభా పుస్తకంలోంచి అతని పేరు తీసివేశాము, అని అక్కడి పురపాలకులు రాశారు.

పార్థసారథి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూశారా పెద్దాయనా! పద్ధతంటే ఇదీ. మనిషి విమానం ఎక్కాడో లేదో, పేరు కొట్టేశారు. మీ చందర్లపాడుకు ఉందా ఈ బుద్ధి?"

"లేదండి," అన్నాడు దశరథరామయ్య.

"సొంత మనిషిని కొట్టేయాలంటే గుండె కావాలండీ."

"కావాలండి."

"ఒక్కటే లోపం. సీలు లేదు. గుండ్రటి సీలు లేకుండా ఆ దేశం ఇన్నాళ్ళు ఎట్లా నిలబడిందో!" అని పార్థసారథి డెన్మార్కు తరఫున తన ఆఫీసు సీలు తానే వేశాడు.

ఒంటి మనిషికి విడిగా కార్డు ఇవ్వరు. ఎవరో ఒకరి కార్డులో ఎక్కాలి. దశరథరామయ్య కార్డు బల్ల మీద పెట్టాడు. పార్థసారథి కలం తీశాడు.

"మీకు ఏమవుతాడు?"

దశరథరామయ్య కిటికీలోంచి మిల్లు వైపు చూశాడు.

"మా చెల్లెలి కొడుకు లాంటోడని రాసుకో నాయనా," అంది పున్నమ్మ.

"లాంటోడు అనే గడి లేదమ్మా ఇందులో. కొడుకంటే కొడుకే."

"అయితే కొడుకనే రాయి. దానికి మాత్రం ఎవరున్నారు?"

ఇంటి యజమాని మరదలి కొడుకు, అని పార్థసారథి రాశాడు. మొదటి గీత దశరథరామయ్య, రెండోది పున్నమ్మ, మూడోది హెన్రిక్. ఆ విధంగా రత్తమ్మకు అరవై రెండో ఏట ముప్పై నాలుగేళ్ళ కొడుకు పుట్టాడు. పురుడు ప్రభుత్వమే పోసింది. మొదటి ఫ్యాక్సు నుంచి గ్యాసు పొయ్యి వెలిగేదాకా పట్టింది తొమ్మిది రోజులు.

వెళ్ళేముందు దశరథరామయ్య గుమ్మం దగ్గర ఆగాడు.

"కొడుకెక్కాడు గదండి. తల్లిని గూడా ఎక్కించండి."

"ఎక్కడుందావిడ?"

"మా ఇంట్లో."

"ఇంట్లో సంగతి కాదండీ నేనడిగేది. కాగితం మీద?"

"చందర్లపాడులో."

"చూడండి మరి. తల్లి చందర్లపాడు దాటినట్టు ఎక్కడా కాగితం లేదు. కొడుకేమో డెన్మార్కు నుంచి వచ్చాడు. చందర్లపాడు దాటని మనిషికి డెన్మార్కులో కొడుకెట్లా పుట్టాడండీ? నేను విచారణ వేయాల్సి వస్తుంది. వేశానంటే ఉన్న కొడుకు గూడా పోతాడు. ఆలోచించుకోండి."

దశరథరామయ్య ఆలోచించుకుంటూ మెట్లు దిగాడు.

పరదేశపు మనిషి ఇంట్లో ఉన్నాడు కాబట్టి సోమవారం సోమవారం కానిస్టేబులు సొలొమోను వచ్చి విచారించి పోయేవాడు. విచారణ వరండాలో, టీతో జరిగేది.

"ఉన్నాడా బాబాయ్?"

"డ్యూటీకి పోయాడు."

"ఈ వారం గూడా ఫారినరేనా?"

"అట్లానే ఉన్నాడు."

కార్డులో పేరెక్కిన వారం సొలొమోను ఆ కార్డును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేంది బాబాయ్, రత్తమ్మ పిన్ని కొడుకా ఈయన? మా ఫైల్లో పరాయి దేశస్థుడని ఉందే!"

"రెండూ సీలేసిన కాగితాలేగా," అన్నాడు దశరథరామయ్య.

సొలొమోను ఇంకో గ్లాసు టీ తాగి, రెండు ఆఫీసులకూ నొప్పి కలగకుండా ఇలా రాసుకున్నాడు: విదేశీయుడే. అయితే చుట్టం.

ఇక కొడుకు వచ్చిన రత్తమ్మ సంగతి. ఆమె రోజూ సాయంత్రం మెట్ల మీద చెయ్యి ఆనించుకుంటూ డాబా ఎక్కి అతనికి పెరుగు ఇచ్చి వచ్చేది. అతను చాలు అనేవాడు. ఆమె ఇంకో గరిటె వేసేది.

"నా కొడుకు ఎర్రగా ఉంటాడంట గదే అక్కా?"

"ఎర్రగానా? ఎండకి టమాటాపండు లాగా అయ్యాడే."

"ఒక్కసారి చూస్తే బాగుండు. తెల్లగా ఏదో మసగ్గా కదులుతున్నట్టుంటది అంతే."

కొడుకుని చూడాలంటే ఆపరేషన్ కావాలి. ఆపరేషన్ కావాలంటే కార్డులో ఉండాలి. కార్డులో కొడుకు ఉన్నాడు. దశరథరామయ్య ఈ మాటలు వింటూ వరండాలో కూర్చునేవాడు. చందర్లపాడు రెండుసార్లు వెళ్ళివచ్చాడు. మరిది మర్యాదగా మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, "మా వదిన ఎప్పుడొచ్చినా ఈ ఇల్లు ఆమెదే. పేరు తీయడానికి నాకు చేతులెట్లా వస్తయ్ అన్నా?" అన్నాడు. (వెనక అరుగు మీద ఆమె వంతు బియ్యం ఎండబోసి ఉన్నాయి.)

తిరిగి మాఘమాసం వచ్చింది. బట్టీ వెలిగింది. హెన్రిక్ పని అయిపోయింది. కంటి శిబిరం మర్నాడనగా అతని ప్రయాణం. చిల్లకల్లులో సాయంత్రం హైదరాబాదు బస్సు ఎక్కాలి. ఆ పొద్దున అతను పేరు తీయించుకోనిదే కదలనన్నాడు. వచ్చినప్పుడు నిబంధన ప్రకారం ఎక్కిన పేరు వెళ్ళేటప్పుడు నిబంధన ప్రకారం దిగాలి కదా అని అతని ఉద్దేశం. దశరథరామయ్య చెప్పులు వేసుకున్నాడు.

పార్థసారథి తొలగింపు ఫారం తీశాడు. అందులో కారణాలు మూడు. మరణం, వివాహం, బదిలీ.

"బదిలీ," అన్నాడు దశరథరామయ్య.

"అక్కడి చౌకడిపో నంబరు చెప్పండి."

పార్థసారథే హెన్రిక్‌ను ఇంగ్లీషులో అడిగాడు. వాళ్ళ దేశంలో చౌకడిపోలు లేవన్నాడతను.

"అయితే బదిలీ కుదరదు. వివాహమంటారా, ఆడపిల్ల అత్తారింటికి పోతే రాసేది. ఈయన ఇల్లరికం పోతున్నాడా?"

"లేదండి. పెళ్ళయి ఎనిమిదేళ్ళయిందంట."

"ఇంక మిగిలింది మొదటిది."

ఇద్దరూ హెన్రిక్ వైపు చూశారు. అతను ఆరోగ్యంగా, చేతిసంచీతో నిలబడి ఉన్నాడు.

"సాయంత్రం బస్సుందండి ఆయనకి," అన్నాడు దశరథరామయ్య.

"మనిషి పోవడానికి మాకేం అభ్యంతరం లేదు పెద్దాయనా. నిక్షేపంగా పోవచ్చు. పేరు మాత్రం ఇక్కడే ఉంటుంది." పార్థసారథి పుస్తకం తెరిచి ఆ నిబంధన చూపించాడు. హెన్రిక్ వంగి, వేలు పెట్టి చదివించుకుని, తృప్తిగా తల ఊపి, ఆయనతో చేతులు కలిపాడు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ ఆఫీసులో ఒకరినొకరు అర్థం చేసుకున్నవాళ్ళు వాళ్ళిద్దరే.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు రత్తమ్మ రెండు చేతులతో అతని మొహమంతా తడిమింది. నుదురు, చెంపలు, మళ్ళీ పెరిగిన కనుబొమలు.

"ముక్కు మా వాళ్ళదే," అంది.

దశరథరామయ్య అతన్ని చిల్లకల్లులో బస్సెక్కించి వచ్చి, కార్డు తీసుకుని దీపం కింద మూడో గీత చాలాసేపు చూశాడు. పున్నమ్మ ఏమిటని అడిగింది. రత్తమ్మను పొద్దున్నే లేపమన్నాడు.

మర్నాడు పొద్దున్నే కార్డు జేబులో పెట్టుకుని, రత్తమ్మ చెయ్యి పట్టుకుని మొదటి బస్సుకు నందిగామ వెళ్ళాడు. శిబిరం గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. వాళ్ళ వంతు వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్నాయన కార్డు అందుకున్నాడు.

"పేషెంటు పేరు?"

"హెన్రిక్," అన్నాడు దశరథరామయ్య.

ఆయన వేలు మూడో గీత మీద ఆగింది. తలెత్తి రత్తమ్మ నెరిసిన జుట్టు చూశాడు. "ముప్పై నాలుగేళ్ళా?"

"కార్డులో అంతేనండి."

"పురుషుడు అని ఉందే?"

"సీలు గూడా ఉందండి."

ఆయన సీలు చూశాడు. గుండ్రంగా, స్పష్టంగా ఉంది. కాగితం తప్పని అనడానికి ఆయనకు కారణం కనిపించలేదు. మనిషి తప్పయి ఉండవచ్చు గాని, దానికి ఆయన దగ్గర గడి లేదు. టిక్కు పెట్టాడు.

"ఏ ఊరమ్మా మీది?"

పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని రత్తమ్మ నోరు తెరిచింది. దశరథరామయ్య ఆమె చెయ్యి నొక్కాడు.

"చందర్లపాడనకు. కాగితం అడుగుతారు," అన్నాడు చెవి దగ్గర. "డెన్మార్కని చెప్పు."

"డెన్మార్కు బాబూ," అంది రత్తమ్మ.

ఆయన రాసుకుని గేటు తీశాడు.