గుండె పరీక్షకు ముందు ఒక గ్లాసు టీ

ఆ ఆదివారం ఉదయం ఎబినేజర్ పెట్టుకున్న పని ఒక్కటే: వరండాలో కూర్చుని వేడి వేడి టీ తాగడం. ఆ బెంగాలీ ఊళ్లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరైన ఆయనకు బుధవారం డ్యూటీలోనే గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో మూసుకుపోయిన నాళాన్ని తెరిచి, శనివారం సాయంత్రం ఇంటికి పంపారు. ఇంకో నాళంలో కొంచెం అడ్డు ఉందని, దాని సంగతి పరీక్ష చేసి తేల్చాలని డాక్టర్ చెప్పాడు. మోకాళ్ల నొప్పుల మనిషి పరుగెత్తలేడు కాబట్టి పడుకోబెట్టి, మందు ఎక్కించి, గుండెనొక్కదాన్నే పరుగెత్తిస్తారట.

"టీ ఏదే?" అన్నాడు.

"టీ లేదు, గీ లేదు. రేపే పరీక్ష. ముందురోజు టీ సుక్క ముట్టకూడదని, ముడితే ఆ మందు పన్సెయ్యదని డాక్టర్‌బాబు సెప్పినాడు," అంది భార్య సూసన్న.

"ఇంత బేగినా?"

"పొర్శు, సోంబార్ అన్నాడు నిన్న. ఎల్లుండి సోమవారమని. నాకు బెంగాలీ రాదేటి?"

గోల్‌బజార్‌లో చేపలవాళ్ల చేత ధర దింపించే బెంగాలీ ఆమెది.

సూసన్న టీ డబ్బా తీసుకెళ్లి పక్కింటి హైమవతికి అప్పగించింది. పనిలో పనిగా కారణమూ చెప్పింది. హైమవతి ఇంకొకరికి చెప్పింది. ఆ మాట ఖరిదా పేట దాటేసరికి గుండెను పరుగెత్తించడం కాస్తా గుండెను ఆపేసి మళ్లీ నడిపించడం అయింది.

మధ్యాహ్నానికి పాస్టరు రిచర్డ్ గారితో సహా చర్చి సంఘమంతా ఇంట్లో ఉంది. వర్క్‌షాపు వాళ్లూ వచ్చారు. ఒక ముసలావిడ ఎబినేజర్ చెయ్యి పట్టుకుని బావురుమంది. ఎందుకో తెలియకపోయినా ఆయనకూ కళ్లు చెమర్చాయి. ఎన్నడూ నవ్వని ఫోర్‌మన్ సైతం కమలాపళ్లు తెచ్చి తల నిమిరాడు. తనకు ఇంతమంది ఉన్నారా అని ఆయన ఒక్కొక్కరి ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

వచ్చినవాళ్లకు టీ ఇవ్వకపోతే ఎలా? డబ్బా వెనక్కి వచ్చింది. పెద్ద గిన్నెలో అల్లం టీ మరిగింది. అందరూ టీ తాగి ఆయన కోసం ప్రార్థించారు. ఆయన ఖాళీ గ్లాసుల వంక చూస్తూ ఆమెన్ అన్నాడు.

సూసన్న వంటింట్లోకి వెళ్లగానే, వర్క్‌షాపులో పక్క మిషన్ మీద పనిచేసే నూకయ్య ఎబినేజర్ దగ్గరికి జరిగాడు. "రేపేటవుద్దో ఎవుడికి తెల్సు అన్నా? తాగీ," అని తన గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు. ఎబినేజర్ ఒక్క గుక్కలో తాగేశాడు.

సోమవారం రెండు ఆటోలు నిండా ఆసుపత్రికి కదిలారు. ఆ రోజు పరీక్షల్లో ఎబినేజర్ పేరు లేదంది నర్సు. "డాక్టర్‌బాబే రమ్మన్నాడు దీదీ," అంటూ సూసన్న ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు. రావలసిన రోగి ఎవరో రాకపోవడంతో, నర్సు ఎబినేజర్‌ను మంచమెక్కించింది. సూది చేతికి తీసుకుని, టీ గానీ కాఫీ గానీ తాగారా అని అడిగింది.

"లేదు, లేదు," అంది సూసన్న.

మంచం కాళ్ల దగ్గర పాస్టరు గారు నిలబడి ఉన్నారు.

"తాగినాను," అన్నాడు ఎబినేజర్.

"ఏటీ! ఎవుడిచ్చినాడు?"

నూకయ్య అప్పటికే వరండాలో ఉన్నాడు.

ఏం చెయ్యాలో అడగడానికి నర్సు వెళ్లింది. డాక్టర్ దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఇవాళెందుకు తెచ్చారమ్మా? ఈ సోమవారం కాదు, పొరేర్ సోంబార్ అన్నాను. తర్వాతి సోమవారం! గుండెకు దెబ్బ తగిలి వారమైనా కాలేదు. ఇంత తొందరగా ఈయనకు ఆ మందు ఎక్కించకూడదు. టీ తాగి మంచిపని చేశాడు."

పొరేర్‌ను పొర్శు అని విన్న సూసన్న కుర్చీలో కూలబడింది. "నా సేతుల్తో నేనే మీ పేనం మీదికి తెచ్చినానండీ," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా కోసమే కదే తొందరపడినావు. ఊరుకో," అన్నాడు ఎబినేజర్ ఆమె చెయ్యి పట్టుకుని. ఆమె ఆ చేతిని వదల్లేదు. తను బతికి ఉండడం ఈమెకు ఎంత అవసరమో ఆయనకు అప్పుడు బాగా తెలిసింది.

కాసేపటికి ఆమె లేచి వరండాలోకి నడిచింది. నూకయ్య తిట్లకు సిద్ధపడి కళ్లు మూసుకున్నాడు. సూసన్న రెండు చేతులూ జోడించింది. "తమ్ముడూ, రేపు మా ఇంట్లోనే బోజనం సెయ్యాల," అంది.

తర్వాతి సోమవారం పరీక్ష సజావుగా జరిగింది. గుండె బాగానే పరుగెత్తిందని, ఇంకో నాళానికి మందులు చాలని డాక్టర్ చెప్పాడు. ఆ మాటను బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో విడివిడిగా చెప్పించుకుని గానీ సూసన్న కుర్చీలోంచి లేవలేదు.