హారం అడిగితే హారన్

మా ఇంట్లో దొంగ పడ్డాడని నాకు మొట్టమొదట చెప్పింది నా గడ్డం. పొద్దున్నే గీస్తే గడ్డం తెగలేదు, చెంప తెగింది. నిన్న వేసిన కొత్త బ్లేడు ఇవాళ్టికి మొద్దుబారిందంటే, దానితో ఇంకెవడో గీసుకొని ఉండాలి. సబ్బు చూశాను, చిక్కిపోయింది. కొబ్బరినూనె సీసా చూశాను, సగమైంది. పక్కనే ఉన్న వెండి చెంబు మాత్రం ఉన్నచోటే ఉంది.

డబ్బు దొంగలను గురించి విన్నాను గానీ, సబ్బు దొంగను గురించి వినడం అదే మొదలు.

"ఇంట్ల దొంగ పడ్డడే!" అని అరిచాను. నేను అరిస్తే దేవరకొండ ఖిల్లా మీది పావురాలు లేచి ఇంకో బురుజుకు మకాం మారుస్తాయని మా ఊళ్లో అనుకుంటారు.

మా ఆవిడ లక్ష్మీనర్సమ్మ పొయ్యి ముందునుంచి కదల్లేదు. "ఏం వోయింది?"

"సబ్బు!"

"మొత్తమా?"

"అరగదీసిండు."

"మంచి దొంగ. శుభ్రంగ తానం జేసి పోయిండు. జర నువ్వు గూడ నేర్చుకో."

ఆమెకు వేళాకోళంగా ఉంది గానీ నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మా ఒక్కగానొక్క కొడుకు ఎల్లస్వామి, తొమ్మిదో తరగతి చదువుతున్నవాడు, కొంతకాలంగా నా ఎదుట నోరు విప్పడం లేదు. అవుననడానికి తల కిందికి, కాదనడానికి పక్కకు, అంతే. పైగా తల్లి చేత కబురంపాడు: దసరా సెలవులు కాగానే ఆత్మకూర్‌లో మేనమామ ఇంటికి పోతాడట, ఇకమీదట చదువంతా అక్కడేనట. కన్నకొడుకు ఇల్లు విడిచి పోతానంటే ఏ తండ్రికి ముద్ద దిగుతుంది? పిల్లవాడు దేనికో జడుసుకున్నాడు. ఇంకదేనికి, ఈ దొంగకే! దొంగను పట్టుకుంటే కొడుకు ఆగుతాడు.

ఆ సాయంత్రమే నా అనుమానానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. పెరటి గోడ దగ్గర మా ఆవిడ, పక్కింటి అమృతమ్మ గుసగుసలాడుకుంటున్నారు. నేను చెవిని గోడకు అప్పగించాను.

"ఈడొచ్చి శానొద్దులాయె అమృతమ్మా. గా గొంతు వింటే నాకే గుండె ఝల్లుమంటది."

"మీ ఆయనకెరికేనా?"

"యాడెరిక! తెలిస్తే ఊకుంటడా? ఊరంత దండోర ఏస్తడు. గందుకే ఆయన దఫ్తరుకు పోయినంకనే..."

మిగతాది వినకుండానే గోడ దగ్గర్నించి వచ్చేశాను. ఈడొచ్చి! అంటే వీడొచ్చి! వీడెవడు? వాడి గొంతు వింటే నా భార్య గుండె ఝల్లుమనడమేమిటి? నేను లేనప్పుడు వచ్చి, అమాయకురాలిని గదమాయించి, నా సబ్బుతో గడ్డం గీసుకొని పోతున్నాడన్నమాట!

ఇక ఇంటికి కాపలా కావాలి. కుక్క ఆలోచన వచ్చింది. మా వీధి కుక్క కాపలా కుక్క కాదు, కాళ్లు నాకే కుక్క. కోళ్లు పెంచే కురుమయ్య దగ్గర సీమకోడి తెచ్చాను. కొత్తవాడు కనబడితే గీపెడుతుందన్నాడు. అది ఊరందరినీ రానిచ్చి, నన్ను ఒక్కణ్ణే దొంగ అనుకుంది. తిరిగి ఇచ్చేశాను.

చివరకు స్టవ్వులు బాగుచేసే తాజుద్దీన్ ఉపాయం చెప్పాడు. నార్కట్‌పల్లి రోడ్డు మీద మూలబడ్డ ఒక లారీ హారన్ అతని దగ్గర ఉంది, రబ్బరు బుడ్డి పిసికితే మోగేది. దాన్ని వాకిట్లో గడప ముందు ఒక చెక్క పలక కింద బిగించాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సాబ్. దొంగ కాలు వెడితే సాలు, భోంమంటది. అచ్చం మీ గొంతే!"

మా ఆవిడ వచ్చి చూసింది. "ఏందయ్య గిది?"

"హారన్."

"పెండ్లయిన కాడ్నించి హారం, హారం అని మొత్తుకుంటే, నీ చెవులకు గిట్ల ఇనొచ్చిందా?"

"ఇది అలారమే!"

"అలారం గాదు, అల్లరి."

ఆమె మాట ఆ పూటే నిజమైంది. మా ఇల్లు బస్సాగే చోటికి ఎదురుగా ఉంది. నేనే మరిచిపోయి పలక మీద కాలు పెట్టాను. భోం! చాయ హోటల్లోంచి జనం మూటలతో పరిగెత్తుకొచ్చారు. కోళ్ల గంపతో వచ్చిన గుర్వమ్మ అనే ముసలమ్మ ఏకంగా మా అరుగెక్కి కూర్చుంది.

"నల్లగొండకు టికెటెంత బిడ్డ?"

"ఇది ఇల్లవ్వా."

"ఇల్లయితే హారనెందుకు గొడ్తవ్?"

మర్నాటికి సంగతి తిరగబడింది. అసలు బస్సు వచ్చి ఎంత మోగించినా ఒక్కడూ లేవలేదు. "గా సార్ ఇల్లు మొత్తుకుంటాంది" అని తీరుబడిగా చాయ తాగారు. బస్సు ఖాళీగా పోయింది. తర్వాతి రోజు డ్రైవరు వచ్చి నా మీద మోగాడు.

ఇంత జరిగినా దొంగ కాలు మాత్రం పలక మీద పడలేదు. సబ్బు మాత్రం రోజూ అరుగుతోంది. అంటే పలక దాటి దూకమని వాడికి ఎవరో చెప్పారు. నేను మా ఆవిడ వంక అనుమానంగా చూశాను. ఆమె చింతచారు వంక చూసింది.

ఇక లాభం లేదని, మధ్యాహ్నం దఫ్తరుకు పోతున్నట్టు పోయి, పెరటి దారిన వచ్చి వడ్ల గుమ్మి వెనక నక్కాను. చేతిలో రోకలి. కాసేపటికి వాకిట్లోంచి ఒక మగ గొంతు వినిపించింది. బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా ఉంది.

"అమ్మా, జర నీళ్లియ్యి."

"తెస్తున్న. మెల్లగ గీస్కో, కోసుకునేవు" అంది మా ఆవిడ.

అమ్మా అట! వావి కలిపిన దొంగ! కళ్లు మూసుకొని ఒక్క దూకు దూకాను. సరిగ్గా పలక మీద పడ్డాను. భోం! నల్లగొండ బస్సు వేళ కూడా అదే. మూటలూ, సంచులూ, గుర్వమ్మ గంపా అన్నీ మా వాకిట్లోకి వచ్చేశాయి. నేను దొంగ మెడ పట్టుకున్నాను. వాడి ముఖమంతా సబ్బు నురుగు.

"దొరికినవ్ రా!"

"నేనే బాపూ!"

"చూస్తున్నరా? దొంగలు గూడ నన్ను బాపు అంటున్నరు!"

మా ఆవిడ కొంగుతో ఆ ముఖం మీది నురుగు తుడిచింది. కింద ఎల్లస్వామి ఉన్నాడు. పై పెదవి మీద కాటుక గీతలా సన్నటి మీసం.

"మరి 'ఈడొచ్చి' అన్నవ్ గదనే, అమృతమ్మతోని?"

"ఈడంటే ఎవడో అనుకున్నవా? వయసయ్యా, వయసు! పోరనికి ఈడొచ్చింది! పోయిన నెల నిన్ను 'బాపూ' అని పిలిస్తే గొంతు చీరుకపోయింది. 'కోడెకు కోడి గొంతొచ్చింది' అని నువ్వు బజాట్ల నిలవడి మొత్తుకున్నవ్. గప్పటిసంది నీ ముంగట నోరు దెరుస్తలేడు. గందుకే ఆత్మకూర్ పోతనంటుండు."

వాకిలి నిండా జనం. ఎల్లస్వామి నన్నే చూస్తున్నాడు, నేను దొంగను చూసినట్టు, అనుమానంగా. నేనిప్పుడు ఏమంటానో అని.

నిజం చెప్పొద్దూ, నాలుక చివర మూడు చమత్కారాలు తోసుకుంటున్నాయి. ఒకటి గొంతు మీద, ఒకటి మీసం మీద, ఒకటి నురుగు మీద. ఒక్కటి జారినా పిల్లవాడు ఆత్మకూర్ బస్సెక్కుతాడు. మూడింటినీ మింగాను. ఉప్పులేని జొన్న గటక మింగినట్టయింది.

"సబ్బు మస్తు పూసినవ్ బిడ్డా" అన్నాను మెల్లగా. "గట్ల గీస్తే తెగుతది. కూసో, నేను చూపిస్త."

వాడు తల్లి వంక చూశాడు. తర్వాత పీట మీద కూర్చున్నాడు. నేను గడ్డం పట్టి తల పైకెత్తి, చెవి పక్క నుంచి కిందికి గీస్తూ వచ్చాను.

ఎల్లస్వామి గొంతు సవరించుకున్నాడు. "బాపూ, జర పైలం" అన్నాడు. మాట బావిలో మొదలై మిద్దె మీద తేలింది. "ఇప్పుడిప్పుడే వచ్చిన గొంతు. గప్పుడే కోసేవు!"

వాకిలంతా ఘొల్లున నవ్వింది. గుర్వమ్మ నవ్విన నవ్వుకు గంప ఒరిగి కోళ్లు మా వంటింట్లోకి పరిగెత్తాయి. మా ఇంట్లో నా మాటకు తప్ప ఇంకొకరి మాటకు జనం నవ్వడం నేనెన్నడూ వినలేదు. జవాబు కోసం లోపలంతా వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

"దొరికిండు పో అసలు దొంగ!" అంది మా ఆవిడ కన్నీళ్లు తుడుచుకుంటూ. "సబ్బు గాదు, నీ మాటలే ఎత్తుకపోయిండు."

నేను నోరు మూసుకొని రెండో చెంప గీయడం మొదలుపెట్టాను.