గుట్ట మెట్లూ, నా కుడి మడమా

మా ఆఫీసులో నన్ను తెలివైనవాడినని అనుకుంటారు. ఇంట్లో ఎవరూ అనుకోరు. ఇంట్లో ఉండేది మా ఆవిడ రాజకుమారి ఒక్కతే కాబట్టి నేనూ పట్టించుకోను. కానీ మొన్న నారాయణగూడలో జరిగింది విన్నాక, మీరు కూడా ఆఫీసువాళ్ల మాట నమ్మరేమో.

నాలుగేళ్ల కింద కరోనాతో పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. రాజకుమారి ఆసుపత్రి బయట కూర్చుని మొక్కుకుంది. నేను బతికితే యాదగిరిగుట్ట మెట్లన్నీ నన్ను నడిపించుకుంటూ తీసుకొస్తానని, అది తీరేదాకా మామిడిపండు ముట్టనని. తనకు మామిడిపండంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో నాకంటే అదే ఎక్కువేమో అని అనుమానం ఉండేది. తర్వాత ఆ అనుమానం లేదు, ఖాయమైంది.

నేను బతికాను. మొక్కే అలా ఉండిపోయింది. ఒక ఏడు ఆయాసం, ఒక ఏడు ఆఫీసులో ఆడిట్, ఒక ఏడు ఎండలు. నాలుగో ఏడు సాకు వెతకడానికి కూడా బద్ధకించాను. ప్రతి ఎండాకాలం చిక్కడపల్లి మార్కెట్లో మామిడిపళ్ల బండి కనబడగానే ఆమె అటువైపు చూడకుండా కూరగాయల వైపు నడిచేది. ఈసారి ఏప్రిల్ మూడో శనివారం తప్పకుండా ఎక్కుతానని నేనే ఒట్టు వేశాను.

వేశాక భయం పట్టుకుంది. యాభై మూడేళ్ల ఒళ్లు, కుర్చీ ఉద్యోగం. ఆమెకు తెలియకుండా మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ ఐదంతస్తులూ రోజుకు పదిసార్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాను. మొదటి రోజు నుంచే పది. అదీ హవాయి చెప్పులతో.

రెండు వారాలకు కుడి మడమ వెనక నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగితే మొదటి పది అడుగులు గోడ పట్టుకునే. కాసేపటికి వేడెక్కి సర్దుకునేది. తగ్గిందనుకుని మళ్లీ మెట్లెక్కేవాణ్ణి. సాయంత్రానికి మళ్లీ మొదలయ్యేది.

మన హైదరాబాద్‌లో కాలు పట్టేస్తే ముందు గుర్తొచ్చేది మాలిష్ చేసి కట్లు కట్టే పహిల్వానే కదా. రాంనగర్‌లో ఒకాయన దగ్గరికి దొంగతనంగా వెళ్లి మాలిష్ చేయించుకున్నాను. ఆయన సరిగ్గా నొప్పి ఉన్నచోటే బొటనవేళ్లు పెట్టి, తడిసిన దుప్పటి పిండినట్టు పిండాడు. మర్నాడు కుడికాలు కింద పెట్టలేకపోయాను. ఆ నూనె వాసనేంటని రాజకుమారి అడిగితే బస్సులో ఎవరిదో అంటుకుందన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అప్పుడే నేను భయపడాల్సింది. సంతోషపడ్డాను.

శనివారం దగ్గరికొస్తోంది. నిజం చెప్పడానికి నోరు రావట్లేదు. ఈసారి కూడా నా వల్లే ఆగిందంటే ఆమె మొహం చూడలేను. అందుకని పథకం వేశాను. ఆగేది ఆమె వల్ల కావాలి. ఆమెకు అప్పుడప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. ఫిజియోథెరపిస్టు చూసి మెట్లు వద్దంటే, నేను పక్కన నిలబడి ఒక నిట్టూర్పు విడిచి, పాపం అనుకుంటూ కారులో గుట్ట మీదికి తీసుకెళ్తాను.

“రాజీ, గుట్ట ఎక్కే ముందట నీ మోకాళ్లు జర చూపిచ్చుకుందాం,” అన్నాను ఎంతో ప్రేమగా.

“సరే,” అంది. ముప్పై ఏళ్లలో నా మాటకు ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదలు. క్లినిక్‌కు ఫోన్ చేసి టైం తీసుకున్నది కూడా తనే.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర క్లినిక్‌లో ఫిజియో పేరు సంయుక్త, చిన్నపిల్ల. రాజకుమారి మోకాళ్లు వంచి చూసి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తి దించమంది. ఆమె ఇరవై రెండు సార్లు ఎత్తింది. చీర కుచ్చిళ్లు కూడా చెదరలేదు. నేను సిద్ధం చేసుకున్న నిట్టూర్పు లోపలే ఉండిపోయింది.

“ఆంటీ మంచిగున్నరు. అంకుల్, మీరు గూడ ఒకసారి చెయ్యున్రి.”

నాకేం కాలేదన్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. లేచి కుడికాలి మీద నిలబడ్డాను. మడమ కాగితం మందం లేచింది, అంతలోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సంయుక్త వెనక్కి తిరిగి, “ఆంటీ, మీరు ఫోన్ల చెప్పింది ఈ కాలేనా?” అని అడిగింది.

“అదే బిడ్డా,” అంది రాజకుమారి.

పది రోజుల నుంచీ ఆమెకు తెలుసట. నేను గోడ పట్టుకుని నడవడం, మెట్లు పక్కవాటంగా దిగడం, అన్నీ చూసిందట. నేనే చెబుతానని ఆగిందట. ఆమెను నేను తీసుకొచ్చాననుకున్నాను. తీసుకొచ్చింది ఆమె.

సంయుక్త నన్ను బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికి, పాదం కదిలింది కాబట్టి లోపల ఏదీ తెగలేదని చెప్పింది. నొప్పి పుట్టేది నేననుకున్నట్టు నరం కాదట, పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడట, అకిలిస్ టెండన్ అంటారట. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితే దెబ్బతింటుందట. నొప్పి మీద పిండితే రేగుతుంది, పూర్తిగా పడుకుంటే బలం పోతుంది. రోజూ మడమలు మెల్లగా ఎత్తి మెల్లగా దించాలి, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో. కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దున ఎక్కువైతే తగ్గించుకోవాలి. హవాయి చెప్పులు మాని, మడమ కాస్త ఎత్తున్న బూట్లు వేసుకోవాలి. గుట్ట మెట్లకు మూడు నెలలు ఆగాలి.

మూడు నెలలంటే జూలై. మామిడిపళ్లు అయిపోతాయి. నేను తల ఎత్తలేదు. ఆమె తిట్టినా బాగుండేది.

“మూడు నెలలకు ఎక్కుతడా బిడ్డా?” అని మాత్రం అడిగింది. రోజూ చేస్తే ఎక్కుతారని సంయుక్త చెప్పింది.

బయట నా కోసం మెల్లగా నడిచింది. తప్పు నాదని, ఈ ఏడు పండు తినేయమని, దేవుడు ఏమీ అనుకోడని బతిమాలాను.

“నడిపిచ్చుకుంట తీస్కొస్తనని మొక్కిన. కుంటిచ్చుకుంట అని మొక్కలే,” అంది. కొంచెం దూరం పోయాక మళ్లీ అంది. “పండు లేకుంట నాలుగేండ్లు ఉన్న. నువ్వు లేకుంట ఆ పన్నెండు దినాలు ఉండలేకపోయిన. నొస్తే నాకు చెప్పు.”

నాకు ఏడుపొచ్చింది. దాన్ని కాలు నొప్పి మీదికి నెట్టేశాను.

మర్నాడు పొద్దున వంటింటి గట్టు పట్టుకుని మొదలుపెట్టాను. రాజకుమారి నా వెనక పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు. తొమ్మిది దాకా నిజాయితీగా ఎత్తాను. ఆ తర్వాత కొంచెం ఊపిరి పీల్చుకుని, పైకి వినబడేలా పదమూడు అన్నాను.

“తొమ్మిది తర్వాత పది,” అంది ఆమె.

పది అన్నాను.